లోపల పరిశీలించలేదు

ఆ వాక్యం నాదే.
వారసత్వ కట్టడాల జాబితాలో, రెండో శ్రేణి కింద,
యాభై ఏళ్ల నాడు వానలో తడుస్తూ రాసుకున్నాను:
"కర్ర చట్రం ఇల్లు. రెండంతస్తులు. పెంకుల కప్పు.
కిటికీలు ఆరు, ఒకటి ఇటుకలతో మూసేశారు.
లోపల పరిశీలించలేదు."

సఫోక్‌లో ఆ రోజుకి అది పదకొండో ఇల్లు.
తలుపు తట్టాను.
లోపల నీళ్ల చప్పుడు ఆగింది.
ఎవరూ రాలేదు.
ఆఖరి బస్సుకి పావుగంట కూడా లేదు.

గోడ పెచ్చులూడిందని
సున్నం మేస్త్రీ రూఫస్ కాచ్‌పోల్ కబురు పెడితే
ఇదిగో, ఇవాళ మళ్లీ, చేతికర్రతో.
గుమ్మం నా భుజాల దాకానే ఉంది. వంగాను,
ఉద్యోగంలో ఎవరికీ వంగనివాణ్ణి.

గోడ కడుపులో
హేజెల్ బద్దల తడిక, బంకమన్ను, ఎండుగడ్డి,
సున్నంలో గుర్రపు జూలు, ఇంకా గోధుమ రంగులోనే.
ఏ బండి లాగిన గుర్రమో
చచ్చి నాలుగొందల ఏళ్లయినా
గోడని ఇంకా లాగి పట్టుకునే ఉంది.
దూలాల మీద వడ్రంగి ఉలితో వేసిన అంకెలు:
అయిదు, ఆరు, ఏడు,
మళ్లీ ఏడు.
ఎనిమిది లేదు.
"లెక్క తప్పాడు, ఇల్లు నిలబడింది" అన్నాడు రూఫస్,
గడ్డం నిండా సున్నంతో.

నేల వాలు చూపిస్తానని
థిర్జా గారడ్ తను వొలుస్తున్న బఠానీల్లోంచి
ఒక గింజ జారవిడిచింది.
అది బల్ల కిందుగా, తీరుబడిగా దొర్లి
మూసిన కిటికీ కింద ఆగింది.
"ఎప్పుడూ అక్కడికే."

టీ పోస్తూ, నావైపు చూడకుండా:
"మీరొచ్చిన రోజు గుర్తుంది నాకు.
గొడుగు లేదు మీకు.
తీసేదాన్నే తలుపు.
అమ్మని ఈ బల్ల మీద పడుకోబెట్టి
ఆఖరి స్నానం చేయిస్తున్నాను.
జుట్టు సగమే తడిసింది.
మధ్యలో వదిలేసి రాలేను కదా."

బల్ల ఓక్ చెక్కది. అంచు అరిగింది.
కొలటేపు జేబులోనే ఉంది.
కప్పు ఎత్తి, మళ్లీ ఎక్కడ పెట్టాలో
కాసేపు తెలియలేదు.

"ఇప్పుడైనా జాబితా సరిచేయిస్తారా?
తడికా, జూలూ, అన్నీ?" అడిగాడు రూఫస్.
"ఆ రెండు ఏడుల సంగతి రాయిస్తాను" అన్నాను.
చివరి వాక్యం ఊసెత్తలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం మరిచిపోయాను.
నుదురు ఠంగుమంది.
వెనకనుంచి థిర్జా, గింజలు వొలుస్తూనే:
"అందరికీ అంతే.
మా నాన్నకి రోజూ."