మూడో ఎముక కాడ

రాత్రి ఒకటిన్నరకి
ఎడమ పక్క ఎవురో మేకు దిగ్గొట్టినట్టు లేచినా.
ఊపిరి సగం దాకా వచ్చి
గడప కాడ నిలబడ్డ అప్పులోడి మాదిరి
లోపలికీ రాదు, ఎనక్కీ పోదు.

వెంగమ్మ లైటేసింది.
పోయిన నెల పోయిన ఇస్త్రీ మునిరత్నం
ఆ ఎలుతుర్లో వచ్చి మా ఇద్దరి మధ్యన కూర్చున్నాడు.
ఆయన గూడా ముందు "గ్యాసే లే" అన్నాడంట,
సోడా తాగి పడుకున్నాడంట.
మేం ఆయన పేరెత్తలా.
ఆమె బీరువాలోంచి ఆధార్ కార్డు తీసింది,
నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నా.

ఏకాంబరం ఆటో.
బేరం ఆడకుండా ఎక్కించుకున్నాడు,
అప్పుడు పట్టింది నాకు నిజమైన భయం.
గణేశపురం సబ్‌వేలో మోకాటి లోతు నీళ్లు,
చుట్టు తిరిగి పోయినాం.
చీటీలో మిగిలిన పదకొండు నెలలు,
మెస్సోళ్లు ఇయ్యాల్సిన నలభై క్యాన్ల దుడ్లు,
గ్యాసు పుస్తకం ఎక్కడుందో,
అన్నీ ఒప్పజెప్పుకుంటా పోయినా.
"నోరు మూసుకో" అనింది.
చెయ్యి మాత్రం వదల్లా.

స్టాన్లీలో డాక్టరమ్మ
"నెంజు వలియా?" అనడిగింది.
ఇరవై రెండేళ్లుగా వ్యాసర్పాడిలో
"తణ్ణి క్యాన్" అని వీధి వీధీ అరిచిన నోరు
ఆ నిమిషాన అరవం మొత్తం మరిచిపోయింది.
"గుండెల్లో నొప్పమ్మా" అన్నా, మా అమ్మ మాటలో.

మా మాటలో రొమ్మంతా గుండెలే గదా.
బిడ్డని గుండెల మీదేసుకుని నిద్రబుచ్చుతాం,
చచ్చినోళ్ల కాడ గుండెలు బాదుకుంటాం,
అబద్ధమాడినోణ్ణి గుండెల మీద చెయ్యేసి చెప్పమంటాం.
ఆడ ఇంకేదన్నా ఉంటాదని
నాకెవురు చెప్పినారు?

నర్సమ్మ జెసింత ఆరు చోట్ల
వెంట్రుకలు గీకి చల్లటి బిళ్లలు అంటించింది.
మిషను కాగితం కక్కింది.
కొండ, గుంట, కొండ, గుంట.
వెంగమ్మ దాన్ని బిడ్డ మార్కుల కార్డు మాదిరి
రెండు చేతులా పట్టుకుని చూసింది,
పాసో ఫెయిలో తెలీకుండా.

రక్తం తీసినారు. మూడు గంటలాగి మళ్లా తీస్తామన్నారు.
పక్క మంచం పెద్దాయన్ని
ఉన్నట్టుండి పరిగెత్తిస్తా తీసకపోయినారు.
ఆయన చెప్పు ఒకటి మంచం కింద ఉండిపోయింది.
తెల్లారిందాకా దాన్నే చూస్తా ఉండినా.

రెండో రక్తం కాగితం వచ్చినాక
డాక్టరమ్మ ఒక్క వేలు, ఒకే ఒక్క వేలు
మూడో ఎముక కాడ పెట్టి నొక్కింది.
అరిచినా.
"ఇంగయా?"
అదే. అదే మేకు. అదే మొన.
"ఇదు హార్ట్ ఇల్లప్పా" అని నవ్వింది,
ఎముకలు అతుక్కునే కాడ మెత్తెముక వాచిందంట.
"ఏం పని?"
క్యాన్లమ్మా. దినానికి డెబ్భై.
ఎడం భుజం. లిఫ్టులో ఎక్కించనీరు.
రాస్తా ఉన్న పెన్ను కాసేపు ఆగింది.
"రెండు వారాలు బరువెత్తొద్దు."
నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి.

వట్టి దానికి అందర్నీ లేపినానే అని గొణిగితే
ఆమె ముఖం గట్టిగా పెట్టి చెప్పింది:
"ఏదో నీకేం తెలుసు? నాకే ఇప్పుడు తెలిసింది.
మళ్లా వస్తే మళ్లా రా. సోడా తాగి పడుకోవద్దు."
మునిరత్నం సంగతి ఆమెకెవురూ చెప్పలా.

గేటు కాడ టీ తాగుతా ఉంటే ఫోను.
మూడో అంతస్తు మామి:
"క్యాన్ ఇంకా రాలేదేం?"
పెట్టేసినా.

వెంగమ్మ అటూ ఇటూ చూసి
చొక్కా సందులోంచి వేలు పెట్టి
ఆ చోటు ఎతికి, నొక్కింది.
"నొప్పా?"
"నొప్పే."
"అమ్మయ్య" అని
అప్పుడు ఏడ్చింది,
ఏడ్చి ఏడ్చి
నా టీ గూడా తనే తాగేసింది.