చుక్క

ఏటా అక్టోబరు మొదటి వారం
లెక్కలన్నీ నా బల్లమీదికొస్తాయి.
ఆయోవాలో, పందిమాంసం ఫ్యాక్టరీ ఉన్న ఈ ఊళ్ళో
ఇరవై రెండేళ్ళుగా బడి గుమాస్తాని.
గుమ్మంలో దులిపిన ప్రతి తడి బూటూ నాకు తెలుసు.
అయినా కంప్యూటరు అడుగుతుంది:
ఎవరు వీళ్ళు?

గడికో జాతి. గడికో ఇంటిభాష.
మధ్యాహ్నం భోజనం ఉచితమా, తగ్గింపు ధరా, పూర్తి ధరా.

ఎలియాసర్ ఇంటిభాష దగ్గర
ఎవరో స్పానిష్ అని నొక్కేశారు.
చేర్పించడానికొచ్చిన రోజు వాళ్ళమ్మ
వాడి చెవిలో కిచే భాషలో ఏదో అంది,
వాడు కిసుక్కున నవ్వాడు.
ఆ నవ్వొచ్చిన భాష జాబితాలో లేదు.
అట్టడుగున "ఇతరములు" అని ఉంది.

ఎ లెర్ మూకి ఇంటిపేరు లేదు.
వాళ్ళ కరెన్ జనంలో ఆ అలవాటే లేదట.
గడి ఖాళీగా ఉంటే యంత్రం ముందుకి కదలదు,
పేరులో చివరి ముక్క విరిచి అక్కడ అతికించాను.
చెల్లెలి పేరు చివరి ముక్క వేరు.
ఒకే దుప్పటి లాక్కునే అక్కాచెల్లెళ్ళు
రాష్ట్రం లెక్కలో ఇప్పుడు రెండు కుటుంబాలు.
విరిచింది ఈ చేతులే.

ఫలితాలు పత్రికలో పడ్డాయి:
గణితం ముప్ఫై ఒకటి శాతం, చదవడం ఇరవై ఎనిమిది.
కూరగాయల దుకాణంలో నా వెనకాల ఎవరో
"ఆ బడా!" అన్నారు.
ఉల్లిపాయలు ఏరుతున్నట్టు వంగున్నాను
చాలాసేపు.

పరీక్షరోజు ఏప్రిల్లో కూడా మంచు కురిసింది.
రాత్రి షిఫ్టు నుంచి వాళ్ళమ్మ ఇంకా రాలేదని
తమ్ముణ్ణి చంకనేసుకుని నడిచొచ్చింది హొదాన్.
అప్పటికి నలభై నిమిషాల ప్రశ్నలు అయిపోయాయి.
కోల్టన్ ష్రామ్ ముత్తాత పేరు
మా బడి పునాదిరాయి మీద ఉంటుంది.
వాడు అన్నిటికీ మూడో జవాబే దిద్ది
కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.
వాళ్ళ ట్రాక్టరు వేలానికి పోయిన వారం అది.
ఇవి చెబితే పైవాళ్ళకి కాకిలెక్కలు.

ఇంకో నిబంధన ఉంది.
ఏ గడిలోనైనా పదిమందికన్నా తక్కువుంటే
అంకె వెయ్యకూడదు, చుక్క పెట్టాలి,
ఎవరి మార్కులో ఊరికి తెలియకుండా.
పసిఫిక్ దీవులవారు అనే వరసలో
మాకున్నది లిజోన్ ఒక్కతే.
మార్షల్ దీవులు. రెండో తరగతి. ముందు పళ్ళు రెండూ లేవు.
చదవడం: చుక్క. గణితం: చుక్క. హాజరు: చుక్క.
ఆ వరసంతా అంతే.

నిన్న మధ్యాహ్నం కడుపునొప్పని వచ్చి
నా పక్క బెంచీ మీద ముడుచుకు పడుకుంది.
పిన్నికి ఫోను చేశాను.
కోత లైనులో ఉన్నవాళ్ళని విరామం దాకా పిలవరట.
కాసేపటికి లేచి నా తెరలోకి తొంగి చూసింది.
"ఆ వరస ఎవరిది?"
అబద్ధం నోటికి రాలేదు.
"నీదే" అన్నాను.
తెరని తాకకుండా వేలితో లెక్కపెట్టింది.
"ఏడు!" అంది. "మా టీచరు ఇప్పటిదాకా రెండే ఇచ్చింది."
కడుపునొప్పి బెంచీ మీదే వదిలేసి
తరగతికి పరిగెత్తింది.

చెప్పి ఉండాల్సింది.
చెప్పలేదు.

ఆరున్నరకి ఫోను మోగింది. వాళ్ళ పిన్ని.
వెనక రంపాల మోత, అరుపులు.
"పిల్లకెలా ఉంది?"
బాగుంది అన్నాను.
ఏడు దాకా తప్పు లేకుండా లెక్కపెట్టింది అన్నాను.
మోతలో ఆమెకి ఎంత వినిపించిందో తెలియదు.
"ఆఁ?" అంది.
మళ్ళీ చెప్పాను.