మూటల లెక్క

గ్రిమ్స్‌బీ రేవులో అక్టోబరు గాలికి
చేపల వాసన ఉంటుంది, మొహమాటం ఉండదు.
తుపాకీ పేలడానికి రెండు నిమిషాల ముందు
అందరూ ఒక్కసారిగా పైబట్టలు విడుస్తారు.
పాత స్వెట్టర్లు, మోచేతులు పోయిన కోట్లు,
ఎవరిదో ఆసుపత్రి దుప్పటి.
ఇనుప కంచె మీద కుబుసాల్లా వదిలేసి
పరుగెత్తిపోతారు.
అక్కణ్ణుంచి నా వంతు.

ఫ్రీమన్ వీధిలో నాది లాండ్రీ.
ఆరు మెషీన్లు. ఎప్పుడూ ఒకటి పనిచెయ్యదు,
ఏ ఒకటనేది దాని ఇష్టం.
కంచె మీది బట్టలు ఏరి, ఉతికి, మడతపెట్టి
చర్చి వాళ్ళ పాతబట్టల కొట్టుకి పంపడం
ఇరవై ఆరు పరుగులుగా నా పని.

మొదటిసారి మూడే మూటలు.
అప్పుడు పరుగెత్తింది రేవు కూలీలు, ఒక పోస్ట్‌మాన్,
ఇద్దరు నర్సులు, పందెం కాసి ఓడిన ఒక కసాయి.
అన్నీ ఇంట్లో అల్లిన ఉన్నివే.
ఒక ఊదారంగు స్వెట్టర్ మెడ లోపల
ఎర్ర దారంతో రెండక్షరాలు కుట్టి ఉన్నాయి.
పారేశాడని తెలిస్తే కుట్టినావిడ ఏమంటుందో అనుకున్నాను.

పరుగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు కదా.
పరుగెత్తి కూడా నీళ్ళే తాగేవాళ్ళని
ఈ ఊళ్ళోనే చూశాను,
అదీ కాగితం గ్లాసులో, సగం గడ్డం మీద ఒలకబోసుకుని.

తర్వాత మూటలు పెరిగాయి.
పద్నాలుగు. ఇరవై రెండు. ఒక ఏడు నలభై ఒకటి,
వీధి చివరిదాకా తాళ్ళు కట్టి ఆరేశాను.
వీపుల మీద పోయినవాళ్ళ ఫొటోలు వచ్చాయి,
వాళ్ళ పేరున చందాలు.
ఆ చొక్కాలు ఎవరూ విడవరు.
ఒక్కటి మాత్రం వచ్చింది, ఏదో కోటు చేతిలో ఇరుక్కుని.
ఇస్త్రీ చెయ్యాలంటే
ఆ పిల్లాడి ముఖం మీదుగా పెట్టె నడపాలి.
తిరగేసి చేశాను.
ఇంకా పై అరలోనే ఉంది.

ఆ తర్వాత గుడ్డే మారిపోయింది.
వేడి తగిలితే ముడుచుకుపోయే రకం.
జేబుల్లో తీపి జిగురు పొట్లాలు,
ఒకటి పగిలిందంటే డ్రమ్మంతా బెల్లప్పాకం.

ఈ ఏడు నాలుగు మూటలు.

పరుగుకి ఇంత మంచి రోజులు ఎన్నడూ లేవని
రేడియోలో చెబుతున్నారు.
లండన్‌లో చోటు కోసం చీటీలేసినవాళ్ళు లక్షల్లోనట.
శనివారం రాత్రి బార్లో ఉండాల్సిన పిల్లలు
ఆదివారం తెల్లారకుండానే జట్లు కట్టి పరుగెడుతున్నారట,
సంబంధాలు కూడా అక్కడే కుదురుతున్నాయట.
కావచ్చు.
వాన సముద్రం మీదే కురుస్తుంది,
దోసెడు నేల సంగతి దానికెందుకు?

పక్క బేకరీ పిల్ల కెండ్రా మూడుసార్లు చీటీ వేసింది, రాలేదు.
మరి మన ఊరిది పరుగెత్తొచ్చుగా అన్నాను.
“ఫొటోలో వెనక ఏం పడుతుంది, ఐసు ఫ్యాక్టరీయా?” అంది.
నిజానికి ఐసు ఫ్యాక్టరీ ఫొటోలో బాగానే ఉంటుంది.

కౌన్సిల్ వాళ్ళ ఉత్తరం వచ్చింది.
పోలీసులు, కంచెలు, అంబులెన్సులు, ఖర్చు.
వచ్చే ఏటి నుంచి పది కిలోమీటర్లు చాలట.

సాయంత్రం నాలుగున్నరకి తలుపు తోసుకుని
ఒక పెద్దాయన వచ్చాడు, డెబ్బై దాటిన మనిషి,
ఛాతీ మీద నంబరు ఇంకా ఊడలేదు,
పెదాలు నీలం.
గడియారం విప్పి పట్టుకుపోయారట,
ఆయన గీత దాటేసరికి గీతే లేదట.
“ఊదారంగుది,” అన్నాడు. “మెడలో ఎర్ర దారం.”

ప్రతిసారీ విడవడం,
తర్వాతి వారం చర్చి కొట్లో ఒక పౌండు పెట్టి
మళ్ళీ కొనుక్కోవడం.
నేనేమో అది ఏటేటా వస్తుంటే
ఆ కుట్టు ఈ ఊరి ఆడవాళ్ళందరికీ వచ్చనుకున్నాను.

“ఈసారి వారం ఆగలేను,” అన్నాడు డెరిక్ బ్లాంచర్డ్.
“ఇక విడిచే పని లేదుగా.”

డ్రయర్ ఆపి తీశాను. కాలుతోంది.
తల దూర్చి, కాసేపు అందులోంచి బయటికి రాలేదు.
నేను టీ పెట్టాను,
పాలు కాస్త ఎక్కువే పోసి.
కూర్చునే తాగాడు.