తర్వాత ఏమొస్తుంది

కార్మోయ్ దీవిలో నవంబరు.
పది దాటినా దీపం ఆర్పనివ్వని ముసురు.
కొక్కేలకు వానకోట్లు: పసుపు, నీలం, పసుపు, నీలం,
చివర ఒక్కటి ఎరుపు.
"అది తప్పు," అంది సున్నీవా, తీసి పక్కన పెట్టబోతూ.
"తప్పు కాదమ్మా, తోర్‌స్టైన్‌ది," అన్నాను.

చాప మీద నల్లరాయి, తెల్లగవ్వ,
నల్లరాయి, తెల్లగవ్వ పరిచి
రోజూ అడిగేదే అడిగాను:
తర్వాత ఏమొస్తుంది?
గింజలు చల్లితే పిచ్చుకలు వాలినట్టు
నాలుగేళ్ళ గొంతులన్నీ ఒక్కసారే.

ఐలీఫ్ మాత్రం మూలకు జరిగి
తన వరస తాను పేర్చుకుంటున్నాడు.
రెండు నల్లరాళ్ళు. నాలుగు గవ్వలు.
మళ్ళీ రెండు. మళ్ళీ నాలుగు.
లెక్క తప్పాడనుకుని, సర్దుదామని చెయ్యి చాచాను.
నా వేళ్ళను నెట్టేశాడు.

"ఇవి నాన్న సముద్రంలో ఉండే వారాలు.
ఇవి ఇంట్లో."

వాళ్ళ నాన్న చమురుబావి మీద వెల్డరు.
ఆ సంగతి నాకు తెలుసు.
తెలిసీ రాళ్ళనే చూశాను.

ఇరవై రెండేళ్ళుగా నేర్పుతున్నాను,
తిరిగి తిరిగి వచ్చేదాన్ని పోల్చుకోవడం ఎలాగో.
వీడు ఆ పాఠం
వంటింటి క్యాలెండరు కింద, స్టూలెక్కి,
ఎప్పుడో చదివేసుకున్నాడు.

నాలుగో గవ్వ పెట్టి ఆగాడు.
"తర్వాత?" అన్నాను, అలవాటు కొద్దీ.
అనకుండా ఉండాల్సింది.

వాడికి తెలుసు.
నల్లరాయి పిడికిట్లోనే ఉంది.
రెండో చేత్తో డబ్బా అడుగంతా దేవుతున్నాడు,
ఇంకొక్క గవ్వ కోసం.