మూడో ముడి

కొత్తపట్నం తీరానికి వచ్చిన ప్రతిసారీ
నా ఉద్యోగం చెప్పుల కాపలా.
"నువ్విక్కడే కూర్చోక్కా" అని
పదకొండు జతలు నా చుట్టూ విడిచి
అందరూ నీళ్లలోకి పరుగెత్తేవాళ్లు.
అప్పట్లో సముద్రమంటే నాకు
తడిసొచ్చినవాళ్ల ఒంటిమీది ఉప్పువాసన,
ఎవరో దోసిట్లో మోసుకొచ్చి
నా పాదాల మీద ఒంపిన కాసిని నీళ్లు.

ఈసారి పామంజి జాలయ్య
పాత అలివి తాడొకటి
చివరి సరుగుడు మొదలుకు బిగించి
అలల్లో పాతిన గుంజదాకా లాగాడు.
నా అరచేతిని తాడు మీద పెట్టి అన్నాడు:
"మొదటి ముడికాడ ఇసక కాలద్ది, బిరబిరా నడువు.
రెండో ముడికి తడి తగులుద్ది.
మూడోదానికాడ ఆగు తల్లా,
ఆణ్ణించి లోతు.
పున్నమికీ అమాసకీ నేనే వచ్చి ముడి జరుపుతా,
సముద్రం చెప్పినచోట ఉండదు గదా."

తాడుకింకా చేప పొలుసులు.
వెనక మా పిన్ని "జాగర్త, జాగర్త" అంటూనే ఉంది.
రెండు ముడులు దాటాక
ఆ మాట నన్ను అందుకోలేకపోయింది.

కాళ్లకింద ఇసుకను
ఎవరో మెల్లగా లాగేసుకుంటున్నారు.
మోకాళ్లకొకసారి, నడుముకొకసారి,
ఆపైన చెప్పాపెట్టకుండా మీదపడి
నోట్లో ఉప్పు కొట్టి పోయింది.
నలభై రెండేళ్లకు
నేనే వెళ్లి తడిశాను.

ఒడ్డుకొచ్చి నా చెప్పులడిగితే
ఒకటే ఉందట.
కాపలా కూర్చున్న మా మరిది వీరనారాయణ
నీళ్లు నముల్తున్నాడు.