పంటిబిగువు

బోల్టన్‌లో, మిల్లు పొగగొట్టం నీడ పడే వీధిలో
విన్నీ ఆర్మరాడ్‌కి తొంభై ఒకటి.
ఎవరేమడిగినా ఒకటే మాట: ఫైన్.
పోస్టతనికి ఫైన్. పక్కింటి పిల్లకి ఫైన్.
మోకాలి మీద చెయ్యేసి లేస్తూ
ఎవరూ అడక్కపోయినా కుర్చీతో అంటుంది, ఫైన్.

ఆ మాట ఆమెకి మొదట కోతగానే తెలుసు.
శుక్రవారం సాయంత్రం అమ్మ జీతం కవరు
బల్లమీద బోర్లించి వేలితో నాణేలు జరిపేది.
మూడు పెన్నీలు తక్కువ.
పని మధ్యలో కిటికీలోంచి బయటికి చూసినందుకు ఫైన్.
"ఏముందమ్మా బయట?"
"ఏం లేదే. మంచు పడుతోంది."
మూడు పెన్నీల మంచు.
ఆ వారమంతా రొట్టెకి వెన్న
రాసినట్టే రాసి గీకేసేవారు.

పదిహేనో ఏట తనూ అదే గేటులోంచి లోపలికెళ్లింది.
అక్కడ మాట వేషం మార్చింది.
ఓడల్లో వచ్చిన ఈజిప్టు పత్తి
నూట ఇరవయ్యో నంబరు నూలయ్యేసరికి
వెలుతురుకి అడ్డం పెడితే తప్ప ఉన్నట్టే తెలీదు.
మేస్త్రీ హెస్కెత్ ఓ పోగు చెవి దగ్గర లాగి
తెగేముందు అది చేసే చప్పుడు వినేవాడు.
ఫైన్, అనేవాడు.
మెచ్చుకోలేం కాదు, కొలత.

మనకి జరిమానా వేరు, సన్నం వేరు, కులాసా వేరు.
మూడు డబ్బాల్లో పోసి మూతలు పెట్టుకున్నాం.
వాళ్లు అన్నీ ఒకే డబ్బాలో పోశారు.
ఉప్పో పంచదారో
నాలిక మీద వేసుకుంటే గానీ తెలీదు.
చివరికి వాన కురవని రోజుక్కూడా అదే పేరు.
ఏడాదికి నాలుగొచ్చే రోజులకి
వేరే మాటెందుకు దండగ అనుకున్నారేమో.

మరల హోరులో గొంతులు పనికిరావు.
ఆడవాళ్లు పెదవులు సాగదీసి మాట్లాడుకునేవారు,
షెడ్డు ఆ చివర్నుంచి ఈ చివరికి,
పెళ్లి కబుర్లు, చారులో ఉప్పెక్కువైన సంగతులు.
విన్నీ అక్కడే కనిపెట్టింది:
పైపళ్లు కింది పెదవిని నొక్కితే గానీ
ఆ మాట మొదలవదు.

ఓ మంగళవారం మేవిస్ ఎంట్విజిల్ వేలు మరలో పడింది.
విన్నీ చూసేసరికి ఆమె ఆప్రాన్‌లో చెయ్యి చుట్టుకుని నిలబడుంది.
"ఎలా ఉంది?" అని పెదవులతో అడిగింది.
మేవిస్ పళ్లు పెదవి మీదికొచ్చాయి.
వచ్చి, అక్కడే ఆగిపోయాయి.
తక్కిన మాట రావడానికి చాలాసేపు పట్టింది.
నెత్తురంటిన కండె పాడైందని
శుక్రవారం మేవిస్ కవరులో ఫైన్.
ఆ నూలు మాత్రం, హెస్కెత్ చెప్పినట్టు,
చాలా ఫైన్.

మొన్న బీరువా సర్దుతుంటే
సిరిల్ తెచ్చిన లైబ్రరీ పుస్తకం దొరికింది.
పందెం పావురాల పెంపకం మీద.
గడువు దాటి పదకొండేళ్లు. సిరిల్ పోయి పది.
నూట డెబ్భై ఏడో పేజీలో బస్ టికెట్ గుర్తు పెట్టుకున్నాడు.
టికెట్ తీసి దాచుకుంది.
జేబురుమాల్లో నాణేలు మూటకట్టి బయల్దేరింది.

బల్ల వెనక అమ్మాయి ఏదో చెప్పింది.
మరలు ఎప్పుడో తినేసిన చెవులకి ఏమీ అందలేదు.
పెదవులే చూసింది.
పళ్లు కింది పెదవి మీద, ఆ తర్వాత చిరునవ్వు.
ఫైన్లు ఎత్తేశామందో,
మీకేం పర్లేదు, ఫైన్ అందో.

విన్నీ మూట విప్పి నాణేలు పేర్చింది.
అమ్మాయి వెనక్కి తోసింది. ఈమె ముందుకి తోసింది.
వెనక క్యూలో ఎవరో దగ్గారు.
ఓ నాణెం దొర్లి కిందపడింది, ఎవరూ తియ్యలేదు.

తర్వాత ఆవిడ వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది.
బయట పెద్దగా ఏం లేదు. బస్ స్టాపు,
గొడుగు తిరగబడ్డ ఓ మనిషి, సన్నటి వాన.
తీరుబడిగా చూసింది.
డబ్బు కట్టేసింది కదా.