అట్టు ఒరిగిన వైపు

ముప్ఫై గుడ్లు, అర బస్తా పిండి,
బకెట్టుడు పాలు.
నా చేతికి తెలిసిన కొలత ఇదొక్కటే.
ఇరవై రెండేళ్లు అట్లాంటిక్‌లో,
స్కాలప్ గుల్లల పడవ మీద,
పదిహేడు మంది ఆకలికి వండినవాణ్ణి.
ఇప్పుడు లూనెన్‌బర్గ్‌లో, మెట్ల కింద అద్దె గదిలో,
తుంటి ఎముక మార్పించుకుని
ఒంటికాయ శొంఠికొమ్ములా కూర్చున్నాను.
ఒక్కడికి ఎంత పిండి కలపాలో
నాకెవరూ నేర్పలేదు.

"నీకో గుడ్డు కూడా ఎక్కువే, సగం వేసుకో"
అంది పై వాటాలోంచి లియోటా నికిల్.
గుడ్డుకి సగం ఎక్కడుంటుందమ్మా!
మొత్తం కొట్టేశాను.

బేకింగ్ పౌడర్ డబ్బా తీశాను.
బతికుందో లేదో వేడినీళ్లలో వేసి చూడమంది.
వేశాను.
ఒక్క బుడగ రాలేదు.
డబ్బా అడుగున తారీఖు చూస్తే
హెడ్లీ ఇంకా మా పడవలో ఉన్న ఏడాది.
మూత పెట్టేసి
అటక మీదే మళ్లీ ఉంచాను, పారేయలేదు.

ఇక గుడ్డే దిక్కు.
పచ్చసొన పాలల్లోకి,
తెల్లసొన గాజుగిన్నెలోకి.
ఫోర్కుతో గిలక్కొట్టడం మొదలుపెట్టాను.
తడిసిన మోకులు లాగిన భుజం ఇది,
ఏమనుకుంటోందో పాపం.
ముందు సబ్బునీళ్లలా ఉంది.
ఆ తర్వాత పడవ వెనకాల చీలే నురగ.
నురగ నేను చూడనిదా?
కాకపోతే సముద్రంలో అది ఎన్నడూ నిలవలేదు,
చూస్తుండగానే నీరుగారిపోయేది.
ఇది నిలబడింది,
ఫోర్కు పైకి తీస్తే కొంగముక్కులా.

"పిండిలో ఉండలుంటే ఉండనీ, నలపకు,
నలిపావా, చెప్పు నమిలినట్టుంటుంది!"
మళ్లీ లియోటా. మధ్యలో ఉన్నది పల్చటి చెక్క,
ఆవిడ మాటలన్నీ కిందికే దిగుతాయి.
ఊరుకున్నాను, కష్టం మీద.
నా వంటగదిలో ఏదీ ఊరుకుని ఎరగదు.
కెటిల్‌ని తాడుతో కట్టేవాణ్ణి,
మోకాలు పొయ్యి తలుపుకి,
నడుము బల్ల అంచుకి అదిమిపెట్టి
పెనం మీద పిండి పోస్తే
పడవ ఎటు ఒరిగితే అటు పరిగెత్తేది.
ఒక పక్క కాగితం, ఒక పక్క దిండు.
కుర్రాళ్లు డెక్కు మీంచి దిగొచ్చి
అట్టు చూసి గాలి చెప్పేవాళ్లు:
"మందమంతా ఆగ్నేయానికి చేరింది ఎల్వుడ్,
వాయవ్యం నుంచి కొడుతోంది, ఇవాళ మన పనైపోయింది."
కరకరలాడే అంచు ముందు తిని
మెత్తటిది చివరికి దాచుకునేవాళ్లు.
హెడ్లీ మాత్రం మందం వైపు ముందు కొరికేవాడు.
"చివరిదాకా ఉంటామో లేదో ఎవడికెరుక" అని
నోటినిండా అట్టుతోనే నవ్వేవాడు.

పొయ్యి సన్నం చేసి
వెన్న రాసి, గరిటెడు పోశాను.
పోసిన చోటే ఉంది.
కదల్లేదు, జారలేదు,
గుండ్రంగా, బుద్ధిగా,
ఒంటినిండా బుడగలు తెచ్చుకుని కూర్చుంది.
తిరగేస్తే రెండు వేళ్ల మందం పొంగింది,
చుట్టూ ఒకే ఎత్తు.
వేలితో నొక్కితే దూదిలా దిగి, తిరిగి లేచింది.

ఇలాంటిది నా చేతుల్లోంచి రావడం ఇదే మొదలు.
అందంగానే ఉంది.
నమ్మకమే కుదరలేదు.
గాలి ఊసెత్తని అట్టుని
ఎటునుంచి మొదలుపెట్టను?

రెండోది పోసేటప్పుడు
పెనం పిడి ఓ పక్కగా ఎత్తిపట్టాను,
ఒక అల వచ్చి వెళ్లేంత సేపు.
పిండి మెల్లగా జరిగి
అంచు చేరి, అక్కడే పొంగింది.

"ఎలా వచ్చాయోయ్?" పైనుంచి.
"ఒకటి బాగా వచ్చింది, నీకే.
వచ్చి తీసుకుపో, నేను మెట్లెక్కలేను."

రెండోదాని మీద
నల్లటి బెల్లప్పాకం పోశాను.
అది పల్లం వెతుక్కుంటూ పోయింది.
నేను మందం వైపు ముందు కొరికాను.